శ్రవణం కొలతలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

కిందటి సంచికలో ఒక చిన్న మాట రాశాను. బ్రహ్మోత్సవాల రోజుల్లో, కొండ మీద రాత్రి వాహన సేవ జరిగే వేళకు, శ్రవణా నక్షత్రం మన తిరుపతి వాళ్ల నడినెత్తిన ఉంటుందని. రాత్రి ఎనిమిది గంటలప్పుడు మిద్దె ఎక్కి తల పైకెత్తితే చాలు అన్నాను. దానికి వచ్చిన ఉత్తరాలు చూసి చాలా సంతోషం వేసింది. చూశామని రాసినవాళ్లు కొందరు. చూసి ఊరుకోకుండా అది ఎంత పెద్దది, ఎంత వేడి, ఎంత బరువు, ఎవరు పోయి కొలిచారు అని నిలదీసినవాళ్లు ఇంకా ఎక్కువ. ముప్పై ఏళ్లకు పైగా ఫిజిక్స్ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, నాకు ఇంతకంటే ఏం కావాలి? ఈ నెల చోటంతా ఆ ఉత్తరాలకే.

ప్రశ్న: శ్రవణా నక్షత్రం వ్యాసార్థం సూర్యుడికి 1.8 రెట్లు అని ఒక పుస్తకంలో ఉంది. ఇంకో చోట 1.63 రెట్లు అన్నారు. మరో చోట 2.03 రెట్లు. మా సార్‌ని అడిగితే ఏదో ఒకటి రాసుకో అన్నారు. అసలు ఏది కరెక్ట్?
– ఇంటర్ విద్యార్థి, శ్రీకాళహస్తి

జవాబు: నాయనా, మూడూ కరెక్టే. ఎలాగో తెలియాలంటే ముందు ఆ 1.8 ఎక్కడి నుంచి వచ్చిందో మనమే లెక్క వేసి చూడాలి. పెన్నూ కాగితం తీసుకో.

నక్షత్రం నుంచి మన దాకా వచ్చేది వెలుగు ఒక్కటే. ఆ వెలుగులో మనం కొలవగలిగినవి మూడు: అది ఎంత ప్రకాశంగా ఉంది, ఏ దిక్కు నుంచి వస్తోంది, దాన్ని రంగులుగా విడదీస్తే ఏ రంగు ఎంత ఉంది. మిగతావన్నీ లెక్క వేసి రాబట్టినవే.

దిక్కుతో మొదలుపెడదాం. చెయ్యి చాపి బొటనవేలిని ఒకసారి కుడి కన్నుతో, ఒకసారి ఎడమ కన్నుతో చూడు. వెనక గోడ మీద వేలు పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. భూమి ఆరు నెలల్లో సూర్యుడికి ఈ పక్క నుంచి ఆ పక్కకు చేరుతుంది కాబట్టి, దగ్గరి నక్షత్రాలు కూడా దూరపు నక్షత్రాల ముందు అలాగే జరిగినట్టు కనిపిస్తాయి. ఆ జరిగినదాంట్లో సగాన్ని పారలాక్స్ అంటారు. దీన్ని మొదటిసారి నమ్మకంగా కొలిచి 1838లో ప్రకటించింది జర్మనీకి చెందిన బెస్సెల్. 1989లో ఎగిరిన హిప్పార్కస్ ఉపగ్రహం శ్రవణానికి ఇచ్చిన విలువ 0.195 ఆర్క్ సెకన్. ఒక డిగ్రీని 3,600 భాగాలు చేస్తే ఒక భాగం ఆర్క్ సెకన్. అందులో అయిదో వంతు! ఏర్పేడు అవతల ఎవరో రూపాయి బిళ్ల పట్టుకుంటే తిరుపతిలో మా మిద్దె మీద నుంచి అది ఎంత వెడల్పున కనిపించాలో, దాదాపు అంత.

1ని 0.195తో భాగిస్తే 5.13. అన్ని పార్సెక్‌ల దూరం. పారలాక్స్ ఒక ఆర్క్ సెకన్ ఉండే దూరాన్నే ఒక పార్సెక్ అంటారు. కాంతి సంవత్సరాల్లో చెప్పాలంటే 16.7. ఇంటర్ అంటున్నావు కాబట్టి, ఈ రాత్రి నీ కంట్లో పడే వెలుగు దాదాపు నువ్వు పుట్టిన ఏడు అక్కడ బయలుదేరింది.

ఇక ప్రకాశం. శ్రవణం మాగ్నిట్యూడ్ 0.76. ఈ అంకె ఎంత తక్కువైతే నక్షత్రం అంత ప్రకాశవంతం, 5 తేడా ఉంటే 100 రెట్లు. దూరాలు వేరైన వాటిని ఉన్నపళంగా పోల్చకూడదు కాబట్టి అన్నిటినీ 10 పార్సెక్‌ల దూరంలో నిలబెట్టినట్టు లెక్క కడతారు. మాగ్నిట్యూడ్‌కు 5 కలిపి, అందులోంచి దూరపు లాగరిథంకు అయిదు రెట్లు తీసెయ్యి. శ్రవణానికి 2.21 వస్తుంది. సూర్యుణ్ణి అదే దూరంలో పెడితే 4.83. తేడా 2.62 అంటే సుమారు 11 రెట్లు. శ్రవణం సూర్యుడి కంటే 11 రెట్లు వెలుగు చిమ్ముతోందన్నమాట.

ఎక్కువ వెలుగు రావడానికి రెండే దారులు, ఒళ్లు పెద్దదై ఉండాలి, లేదా వేడి ఎక్కువై ఉండాలి. వేడిమి రెండింతలైతే ఒక్కో చదరపు మీటరు నుంచి వచ్చే వెలుగు పదహారింతలు అవుతుంది, అంటే నాలుగో ఘాతం. శ్రవణం ఉపరితలం సగటున 7,700 కెల్విన్, సూర్యుడిది 5,772. నిష్పత్తి 1.33, దాని నాలుగో ఘాతం 3.2 దాకా. 11ని దాంతో భాగిస్తే ఉపరితల వైశాల్యం సూర్యుడికి మూడున్నర రెట్లు. వర్గమూలం తీస్తే వ్యాసార్థం 1.86 రెట్లు. నీ పుస్తకంలోని 1.8 అక్కడి నుంచి వచ్చినదే.

మరి 1.63, 2.03? మన లెక్కలో నక్షత్రం గుండ్రంగా ఉందని చెప్పకుండానే అనుకున్నాం. శ్రవణం గుండ్రంగా లేదు. మన సూర్యుడు తన చుట్టూ తాను తిరగడానికి మధ్యరేఖ దగ్గర 25 రోజులు తీసుకుంటాడు. శ్రవణం తొమ్మిది గంటల లోపే ఒక చుట్టు తిరిగేస్తుంది. ఆ వేగానికి నడుము ఉబ్బిపోయి, ధ్రువాలు అణిగిపోయాయి. ధ్రువం వైపు వ్యాసార్థం 1.63 రెట్లు, నడుము దగ్గర 2.03 రెట్లు. కాలిఫోర్నియాలో మౌంట్ విల్సన్ కొండ మీద చారా అనే టెలిస్కోపుల వరుస ఉంది. దూరదూరంగా ఉన్న టెలిస్కోపుల వెలుగును ఒకచోట కలిపి, అన్నీ కలిసి ఒకే పెద్ద టెలిస్కోపులా పనిచేసేట్టు చేస్తారు. దాంతో తీసిన శ్రవణం చిత్రం 2007లో వెలువడింది. సూర్యుడి లాగే హైడ్రోజన్ మండిస్తున్న నడివయసు నక్షత్రాల్లో, సూర్యుణ్ణి వదిలేస్తే, ఉపరితలం చిత్రానికి దొరికిన మొదటిది మన శ్రవణమే. నొక్కిన నిమ్మకాయలా ఉంటుంది. ధ్రువాల దగ్గర సుమారు 8,450 కెల్విన్, నడుము దగ్గర 6,900. నడుము భాగం కేంద్రానికి దూరంగా ఉబ్బడంతో అక్కడ గురుత్వం తగ్గుతుంది, వేడీ తగ్గుతుంది.

ఇంతకీ నువ్వు రాయాల్సింది సగటున 1.8 అని. ఆ సగటున అనే మాట మాత్రం వదలొద్దు.

ప్రశ్న: మా పాప ఆరో తరగతి. నక్షత్రం వేడి ఇంత అని చదివి, అక్కడ థర్మామీటర్ ఎవరు పెట్టారమ్మా అని అడిగింది. నాకు జవాబు తెలియలేదు.
– ఒక గృహిణి, చిత్తూరు

జవాబు: అమ్మా, పాపకు నా తరఫున ముద్దు. అడగాల్సిన ప్రశ్నే అడిగింది.

మా చిన్నప్పుడు ఊళ్లో కొలిమి ఉండేది. కర్రు కాల్చేటప్పుడు ఆచారి దాన్ని ముట్టుకుని చూడడు కదా, రంగు చూసి చెప్పేవాడు. ముందు ఎర్రగా, తర్వాత నారింజ, పసుపు, ఇంకా ఊదితే తెల్లగా. ఎర్రగా ఉన్నప్పుడు ఒక పనికి, పసుపుకు తిరిగాక ఇంకో పనికి తీసేవాడు. నక్షత్రాల దగ్గరా అదే చూపు. వస్తువు ఎంత వేడెక్కితే దాని వెలుగు అంతగా నీలం వైపుకు జరుగుతుంది. సూర్యుడి వెలుగు అన్నిటికంటే బలంగా ఉండేది 502 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర. శ్రవణానికి 376 దగ్గర, అంటే మన కంటికి ఆనని అతినీలలోహితంలో. అయినా మిగతా రంగులన్నీ సమృద్ధిగా ఉంటాయి కాబట్టి మనకు తెల్లగా కనిపిస్తుంది.

ఇంట్లోనే చూపించాలంటే, సెప్టెంబరు చివర్లో రాత్రి ఏడున్నర ఎనిమిది మధ్య నడినెత్తిన తెల్లటి శ్రవణాన్ని చూపించి, అదే క్షణంలో నైరుతి వైపు కిందికి వాలుతున్న ఎర్రటి జ్యేష్ఠను చూపించండి. జ్యేష్ఠ ఉపరితలం 3,600 కెల్విన్ ప్రాంతం. దిగంతం దగ్గర దుమ్ము వల్ల కూడా కొంత ఎరుపు కలుస్తుంది, అయినా జ్యేష్ఠ ఎరుపు దాని సొంతం.

రంగు ఒక్కటే అయితే ఇంత గట్టిగా చెప్పలేం. వెలుగును పట్టకంలో విడదీస్తే రంగుల పట్టీ మధ్య అక్కడక్కడా నల్లటి గీతలు కనిపిస్తాయి. ఒక్కో మూలకానికి ఒక్కో గీతల వరుస. ఏ గీత ఎంత ముదురుగా ఉందన్నది వేడి మీద ఆధారపడుతుంది. దీన్ని లెక్కలోకి తెచ్చినవారు మన మేఘనాద్ సాహా, 1920లో. హైడ్రోజన్ గీతలు 10,000 కెల్విన్ దగ్గర బాగా ముదురుతాయి. అంతకంటే చల్లగా ఉంటే పరమాణువుల్లో ఎలక్ట్రాన్లు కింది మెట్టు వదిలి పైకి పోవు. మరీ వేడైతే ఎలక్ట్రాన్లు ఊడిపోయి గీతలు వేసేవే మిగలవు. ఆ సమీకరణం చేతికొచ్చాక అయిదేళ్లకే, 1925లో, సిసీలియా పేన్ అనే యువతి నక్షత్రాల్లో ఎక్కువ భాగం హైడ్రోజనే అని తేల్చింది. ఆ రోజుల్లో పెద్దలు నమ్మలేదు. ఆమె చెప్పిందే నిజమైంది. పాపకు ఈ పేరు తప్పకుండా చెప్పండి.

ప్రశ్న: మేడమ్, శ్రవణం పక్కనే ఉన్న టారాజెడ్ వ్యాసార్థం నేనే లెక్క వేశాను. మాగ్నిట్యూడ్ 2.72, పారలాక్స్ 8.26 మిల్లీ ఆర్క్ సెకన్లు, ఉష్ణోగ్రత 4,200 కెల్విన్ తీసుకున్నాను. సూర్యుడికి 60 రెట్లు వస్తోంది. పుస్తకాల్లో 95 దగ్గర ఉంది. పదిసార్లు చేసినా అదే. చాలా టెన్షన్‌గా ఉంది. ఎక్కడ తప్పు? ఇంకొకటి, ఇంట్లో కెమెరాతో మాగ్నిట్యూడ్ కొలవొచ్చా?
– బీఎస్సీ రెండో సంవత్సరం విద్యార్థిని, తిరుపతి

జవాబు: టెన్షన్ వద్దు తల్లీ. నువ్వు పంపిన కాగితం మొత్తం చూశాను. ఒక్క అడుగు కూడా తప్పు లేదు. దూరం 121 పార్సెక్‌లు, నిరపేక్ష మాగ్నిట్యూడ్ (10 పార్సెక్‌ల దూరంలో నిలబెడితే వచ్చేది) మైనస్ 2.69, సూర్యుడికి వెయ్యి రెట్ల పైచిలుకు వెలుగు, అన్నీ సరే. ఇంకొకళ్లయితే మిల్లీ ఆర్క్ సెకన్లను ఆర్క్ సెకన్లు అనుకుని నక్షత్రాన్ని తెచ్చి సూర్యుడి పక్కన పెట్టి ఉండేవాళ్లు. క్లాసులో ఏటా నలుగురైదుగురు ఆ పని చేసేవాళ్లు.

లోటు ఎక్కడంటే, ఆ 2.72 కంటికి కనిపించే వెలుగుకు మాత్రమే చెందిన అంకె. టారాజెడ్ చల్లటి నారింజ రంగు నక్షత్రం. దాని వెలుగులో సగానికి పైగా ఎరుపుకు అవతల, పరారుణంలో పోతుంది. ఆ భాగాన్ని నువ్వు లెక్కలోకి తీసుకోలేదు. కనిపించేదాని నుంచి మొత్తానికి పోవడానికి ఒక సవరణ ఉంది, బోలోమెట్రిక్ సవరణ అంటారు. ఇలాంటి నక్షత్రానికి అది సుమారు 0.9 మాగ్నిట్యూడ్, అంటే 2.3 రెట్లు. నీ 1,018ని 2.3తో గుణిస్తే 2,340 దాకా వస్తుంది. ఉష్ణోగ్రత నిష్పత్తి నాలుగో ఘాతం 0.28. భాగించి వర్గమూలం తీయి, 91. అదే శ్రవణానికి ఈ సవరణ దాదాపు సున్నా, అందుకే పైన శ్రీకాళహస్తి అబ్బాయికి ఆ మాటే ఎత్తకుండా సరైన జవాబు వచ్చేసింది. పుస్తకాల్లో శ్రవణం, వేగా లాంటి తెల్లటి వాటినే ఉదాహరణగా ఇచ్చి వదిలేస్తారు. పిల్లలు అదే సూత్రాన్ని ఎర్ర నక్షత్రం మీద పెట్టి దెబ్బ తింటారు. ఈ విషయంలో నాకు ఎప్పటి నుంచో బాధ ఉంది.

91కీ 95కీ ఇంకా తేడా ఉంది కదా అంటావు. ఉష్ణోగ్రత 4,200 బదులు 4,100 పెట్టి చూడు. మిగతాది ముట్టుకోకు. 96 వస్తుంది. వంద డిగ్రీలు, అంటే రెండున్నర శాతం కూడా లేదు, వ్యాసార్థంలో అయిదు శాతం మార్చేసింది. ఉష్ణోగ్రతలో జరిగే తప్పు వ్యాసార్థంలోకి రెట్టింపై వస్తుంది. అందుకే జవాబు పక్కన ఎంత అటూ ఇటూ కావచ్చో రాయకపోతే ఆ జవాబు సగమే.

ఉష్ణోగ్రతతో పని లేకుండా సరిచూసుకునే దారి ఒకటుంది. టారాజెడ్ బిళ్ల వెడల్పును ఇంటర్‌ఫెరోమీటర్లతో, అంటే పైన చెప్పిన చారా లాంటి వాటితో, నేరుగా కొలిచారు, 7.27 మిల్లీ ఆర్క్ సెకన్లు. దాన్ని 1,000తో భాగించి 121తో గుణించు. 0.88 వస్తుంది. భూమికీ సూర్యుడికీ మధ్య దూరాన్ని 1 అనుకుంటే టారాజెడ్ వ్యాసం 0.88. సూర్యుడి వ్యాసం అదే కొలతలో 0.0093. భాగిస్తే 94.6. రెండు వేర్వేరు దారుల్లో పోయి ఒకే ఊరు చేరాం. దాన్ని తెచ్చి సూర్యుడి చోట పెడితే దాని అంచు 0.44 దాకా వస్తుంది. బుధుడి సగటు దూరం 0.39. బుధుడు లోపలికి పోయినట్టే.

ఇక కెమెరా. తప్పకుండా కొలవొచ్చు. నేను మా మిద్దె మీద చేసిన పద్ధతే చెబుతాను. కెమెరాను స్టాండ్ మీద పెట్టి, రా (raw) ఫార్మాట్‌లో, అంటే కెమెరా మెరుగులు దిద్దని ఫైళ్లుగా, నాలుగైదు సెకన్ల ఫొటోలు పది తీశాను. ఫోకస్ కావాలనే కొంచెం చెడగొట్టాలి. చుక్క సన్నగా ఉంటే నడిమి పిక్సెల్ నిండిపోయి లెక్క పొంగి పోతుంది, చుక్క కాస్త పరుచుకుంటే ఆ సమస్య ఉండదు. తర్వాత కంప్యూటర్‌లో పచ్చ రంగు పిక్సెళ్లు మాత్రం తీసుకుని, చుక్క చుట్టూ ఒక గుండ్రం గీసి అందులోని అంకెలన్నీ కూడి, పక్కన ఖాళీ ఆకాశంలో అంతే గుండ్రంలో వచ్చిన మొత్తాన్ని తీసేశాను. ఈ తీసివేత తిరుపతిలో చాలా ముఖ్యం. అలిపిరి దీపాలు, ఘాట్ రోడ్డు దీపాల వరుస, ఊరి వెలుగు అన్నీ కలిసి మన ఆకాశం ఖాళీగా ఉండదు.

నాకు టారాజెడ్‌కు 48,600 వచ్చింది. శ్రవణానికి రెండో పక్కన ఉన్న అల్షెయిన్‌కు 19,900. నిష్పత్తి 2.44, మాగ్నిట్యూడ్‌లలో 0.97. అల్షెయిన్ 3.71 అని తెలుసు కాబట్టి టారాజెడ్ 2.74. పుస్తకంలో 2.72. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, అంత ఆనందం. రెండూ ఆకాశంలో దగ్గర దగ్గరగా ఉండడం వల్ల గాలి రెండిటి వెలుగునూ దాదాపు సమానంగానే తగ్గించింది, అందుకే ఇంత బాగా కుదిరింది. నడినెత్తి నక్షత్రాన్ని దిగంతం దగ్గరి నక్షత్రంతో పోల్చొద్దు. చంద్రుడు లేని రాత్రి చూసుకో. బ్రహ్మోత్సవాల మొదటి రెండు మూడు రోజులు మంచివి, నెలవంక పెందలాడే అస్తమిస్తుంది.

ప్రశ్న: నేను టమాటా రైతును. మార్కెట్‌లో కాటా మీద పెట్టనిదే బరువు తెలియదు. కోటానుకోట్ల మైళ్ల దూరంలో ఉన్న నక్షత్రం తూకం ఎట్లా చెబుతారు? నమ్మొచ్చా?
– పలమనేరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: అన్నా, మీ అనుమానం న్యాయమైనదే. ఒంటరి నక్షత్రాన్ని నిజంగానే తూచలేం. పక్కన ఇంకొకటి తిరుగుతుంటేనే కాటా దొరుకుతుంది.

మృగవ్యాధ నక్షత్రం, సిరియస్ అంటారు, చలికాలం రాత్రుల్లో అన్నిటికంటే ప్రకాశంగా కనిపిస్తుంది. అది తిన్నగా పోకుండా అటూ ఇటూ వంకరగా పోతోందని బెస్సెల్ గమనించి, పక్కన కనిపించని తోడు ఉందని 1844లో చెప్పాడు. ఆ తోడును 1862లో అమెరికాలో ఆల్వన్ గ్రాహం క్లార్క్ అనే టెలిస్కోపుల తయారీదారు కళ్లతో చూశాడు. రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరగడానికి 50.1 ఏళ్లు. వాటి మధ్య సగటు దూరం భూమి–సూర్యుల దూరానికి 19.8 రెట్లు. కెప్లర్ సూత్రం ప్రకారం దూరాన్ని మూడుసార్లు గుణించి, కాలాన్ని రెండుసార్లు గుణించి, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే చాలు: 7,762ను 2,510తో భాగిస్తే 3.09. రెండిటి బరువు కలిపి మూడు సూర్యుళ్లకు కాస్త ఎక్కువ.

ఎవరిది ఎంత వాటా? మన ఆడికృత్తిక కావడి చూశారు కదా. రెండు వైపులా సమానంగా ఉంటే భుజం నడిమధ్య. ఒక పక్క బరువైతే భుజాన్ని ఆ పక్కకు జరుపుకోవాలి. సిరియస్ జంట తిరిగే మధ్య బిందువు పెద్దదానికి దగ్గరగా, చిన్నదానికి రెండింతల దూరంగా ఉంది. కాబట్టి పెద్దది 2.06 సూర్యుళ్లు, చిన్నది 1.02. ఆ చిన్నది దాదాపు భూమి అంతే ఉంటుంది, బరువు మాత్రం సూర్యుడంత.

శ్రవణానికి అలాంటి తోడు లేదు. మరి దాని బరువు 1.8, 1.9 సూర్యుళ్లు అని ఎలా రాస్తున్నారు? జంటల్లో తూచిన నక్షత్రాలను వరసపెట్టి చూస్తే, హైడ్రోజన్ మండిస్తున్న వాటిలో బరువు పెరిగే కొద్దీ వెలుగు బరువుకు మూడున్నరో ఘాతంగా పెరుగుతోంది. శ్రవణం చిమ్మే 11 రెట్ల వెలుగుకు ఎంత బరువుండాలో వెనక్కి లెక్కిస్తే 1.98 వస్తుంది. తిరిగే వేగం, ఆకారం అన్నీ కలిపి చేసిన లెక్కలు 1.86 అంటున్నాయి. ఇది మీరు కళ్లతో చెట్టు మీద కాయ చూసి ఇన్ని బాక్సులు దిగుతుందని చెప్పే అంచనా లాంటిది. అనుభవం ఉన్న రైతు అంచనా పెద్దగా తప్పదు, కానీ అది కాటా చీటీ కాదు. సిరియస్ బరువు కాటా చీటీ, శ్రవణం బరువు అంచనా. పుస్తకాల్లో రెండిటినీ ఒకే పట్టికలో ఒకే అక్షరాల్లో వేస్తారు, ఆ తేడా కనిపించదు. ఏ అంకె కొలిచింది, ఏ అంకె లెక్కకట్టింది, ఏది అంచనా అని మీలా అడిగేవాళ్లు ఇంకా రావాలని నా కోరిక.

ప్రశ్న: శ్రవణం శ్రీవారి జన్మ నక్షత్రం. దాని వేడి, బరువు అని రాయడం మాకు కొంచెం ఇబ్బందిగా ఉంది. అవసరమా?
– రిటైర్డ్ తెలుగు పండితులు, చంద్రగిరి

జవాబు: అయ్యా, మీ మనసు నొప్పించి ఉంటే క్షమించండి. నేనూ ఏటా చక్రస్నానం నాడు పుష్కరిణి దగ్గర నిలబడి దండం పెట్టుకున్నదాన్నే. శ్రవణంలోని మూడు నక్షత్రాలు త్రివిక్రముడి మూడు అడుగులని మా నాయనమ్మ చూపించింది. నడుమ శ్రవణం, రెండు పక్కలా టారాజెడ్, అల్షెయిన్. ఒకే గీతలో, ఒకే దూరంలో ఉన్నట్టుంటాయి. కొలిస్తే నడిమిది 17 కాంతి సంవత్సరాలు, అల్షెయిన్ 45, టారాజెడ్ 395. ఆ మూడో అడుగు ఎంత దూరం పడిందో తెలిసిన రాత్రి నాకు నాయనమ్మే గుర్తుకొచ్చింది. ఆమె బతికి ఉంటే ముందు ఆమెకే చెప్పేదాన్ని.

మీరు పండితులు కాబట్టి ఒక మాట. శ్రవణం నాడు చంద్రుడు ఈ నక్షత్రం పక్కనే ఉంటాడని చాలామంది వెతుకుతారు. శ్రవణం క్రాంతివృత్తానికి, అంటే ఆకాశంలో సూర్యుడు నడిచే దారికి, సుమారు 29 డిగ్రీలు ఉత్తరంగా ఉంది. చంద్రుడు ఆ దారికి దగ్గరగానే పోతాడు కాబట్టి శ్రవణానికి దక్షిణంగా, బాగా కిందుగా కనిపిస్తాడు.

ప్రశ్న: మా స్కూలు పిల్లలను ఏదైనా అబ్జర్వేటరీకి తీసుకెళ్లాలని ఉంది. దగ్గర్లో ఎక్కడ?
– ఒక ఉపాధ్యాయుడు, కుప్పం

జవాబు: మాకంటే మీకే దగ్గర. తమిళనాడు జవ్వాది కొండల్లో కావలూరు ఉంది. కుప్పం నుంచి వాణియంబాడి, ఆలంగాయం మీదుగా పోవచ్చు. బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ వాళ్లది. అక్కడి 2.34 మీటర్ల టెలిస్కోపుకు ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు గారి పేరు పెట్టారు. ఆయన దాన్ని కలగని, పనులు మొదలుపెట్టి, పూర్తయ్యేలోగా 1982లో పోయారు. 1986 జనవరిలో ప్రారంభమైంది. పిల్లలకు ఆయన గురించి ఇది చెప్పండి: 1957లో అమెరికా శాస్త్రవేత్త ఓలిన్ విల్సన్‌తో కలిసి, చల్లటి నక్షత్రాల కాల్షియం గీత నడుమ ఉండే సన్నటి మెరుపు వెడల్పును చూసి ఆ నక్షత్రం అసలు ఎంత వెలుగు చిమ్ముతోందో చెప్పే పద్ధతి కనిపెట్టారు. దూరం తెలియకుండానే. మన టారాజెడ్ లాంటి వాటికి ఆ పద్ధతి పనికొస్తుంది.

నేను ఎమ్మెస్సీ చదివేటప్పుడు అదే 1986లో, ఏప్రిల్‌లో అక్కడికి పోయాను. రాత్రి రెండు దాటేదాకా మబ్బు. మా బ్యాచ్ అంతా మెట్ల మీద కూర్చుని కునికిపాట్లు పడుతున్నాం. అక్కడ పనిచేసే ఒక పెద్దాయన మమ్మల్ని లోపలికి పిలిచి, వర్ణపటం తీసిన గాజు పలక ఒకటి నా చేతికిచ్చి దీపానికి అడ్డంగా పట్టుకోమన్నారు. అగ్గిపెట్టె పొడుగున సన్నటి పట్టీ, దాని నిండా గీతలు. ఇదిగో ఇది కాల్షియం అని పెన్సిల్ మొన పెట్టి చూపించారు. తర్వాత తెల్లవారుజామున మూడింటప్పుడు మబ్బు విడిపోయి తూర్పున శ్రవణం కనిపించింది.

సందర్శకులకు ఏ రోజు, ఏ వేళ అనుమతి ఉందో ముందు ఆ సంస్థకు రాసి కనుక్కోండి. కొండ దారి వంకర్లు ఎక్కువ, చిన్న పిల్లలకు వాంతులు కాకుండా చూసుకోండి, పొద్దుగూకితే చలి వేస్తుంది. ఎప్పుడు పోతున్నారో నాకూ ఒక ముక్క రాయండి. బస్సులో చోటుంటే నేనూ వస్తాను.